ఖాళీ గడి

పదకొండు యంత్రాలకే డబ్బు మంజూరైంది.
పటం మీద నేను పెట్టుకున్న చుక్కలు ఇరవై మూడు.

గవర్నరుపేట ఆఫీసులో, ఫ్యాను గాలికి లేవకుండా
మూలకో టీ గ్లాసు పెట్టి
బుడమేరుని బల్ల మీద పరిచాను.
మైలవరం కొండల్లో వెంట్రుక మందం.
వెలగలేరు దగ్గర వేలెడు.
సింగ్‌నగర్‌కి వచ్చేసరికి
ఏరేదో వీధేదో
గీసినవాడికే తెలియనట్టుంది.

రబ్బరు పట్టుకుని కూర్చున్నాను.
ఏ వాన నాకు తెలియకుండా కురిసిపోయినా ఫరవాలేదో
ఒక్కొక్కటే తేల్చాలి.
పన్నెండుసార్లు ఊదాను రబ్బరు పొడిని.

మర్నాడు లస్కరు ఏసోబు నా బండెక్కాడు.
రిటైరై తొమ్మిదేళ్ళు. ఇప్పటికీ గట్టు మీద నడిస్తే
మడమతో తట్టి వింటాడు.
"ఇక్కడొద్దు మేడం, ఇక్కడ నీళ్ళు అబద్ధమాడతాయి.
దిగువ వంతెన ఖానాకి గుర్రపుడెక్క అడ్డం పడితే చాలు,
ఏరు రాకుండానే మట్టం లేస్తది.
పైకి రండి, రాయి ఉన్నకాడికి."
నేను మూడు పేజీల్లో చదువుకున్నది
ఆయన బీడీ వెలిగించుకునేలోపు చెప్పాడు.
పటంలో లేని పాయొకటి చూపించాడు.
పేరడిగితే నవ్వాడు.
"దొంగవాగంటాం. పగలు ఎండి ఉంటది.
రాత్రొచ్చి రాత్రే పోద్ది."
పదకొండోది దాని మీద పెట్టాను.
పైవాళ్ళకి కారణం రాయడానికి
రెండు రోజులు పట్టింది.

మస్తాన్‌బీ ఇంట్లో గోడకి సున్నం వేయనివ్వలేదట.
ఫ్యాను రెక్కకి జానెడు కింద, బురద గీత.
నా టేపు సాగలేదు, స్టూలు తెచ్చి ఇచ్చింది.
"మీ మిషను ఎంత ముందు చెప్తది?"
"ఆరేడు గంటలు."
వేళ్ళ మీద లెక్కేసుకుంది,
బియ్యం, కాగితాలు, అత్తగారు.
"చాలు. మీ మిషను చెప్తే
నా కుట్టు మిషను మేడెక్కుద్ది."

భాద్రపదంలో మొదటి పెద్ద రాత్రి.
పావుగంటకో కబురు.
ఒకటో నంబరు పన్నెండు మిల్లీమీటర్లు. రెండు, పద్దెనిమిది.
మూడు, ఇరవై ఒకటి.
నాలుగు, సున్నా.
నాలుగు, సున్నా.
"అమ్మయ్య, కొండ మీద తెరిపిచ్చింది" అన్నారెవరో.
మిరపకాయ బజ్జీలు వచ్చాయి, తిన్నాం.
నేనూ తిన్నాను.

తెల్లారి వెళ్ళి చూస్తే
గరాటు అంచుదాకా నీళ్ళు, నిశ్చలంగా.
గొంతులో కందిరీగ కట్టుకున్న మట్టిగూడు,
ఎంత నున్నగా ఉందో, చెక్కబుద్ధి కాలేదు.
లోపల చిన్న తక్కెడ పొడిగా, నిజాయితీగా
రాత్రంతా తనకి తెలిసిందే చెప్పింది.
ఆ రాత్రి ఎవరి గుమ్మమూ దాటలేదు నీళ్ళు.
అది నా గొప్ప కాదు.

ఆ వారమంతా కూర్చుని
యంత్రాలకి ఒక మాట నేర్పాను.
చూసి, లేకపోతేనే సున్నా.
చూడలేకపోతే, నోరు మూసుకో.
గడి ఖాళీగా వదిలెయ్.
పై ఆఫీసుకి ఖాళీలు నచ్చవు.
"పక్క నంబర్ల సగటు వేసి నింపరాదూ" అన్నారు.
నింపొచ్చు. నివేదిక అందంగా ఉంటుంది.

ఇవాళ మళ్ళీ మబ్బు.
రాత్రి రెండుంబావు. నాలుగో గడి ఖాళీ.
రెండున్నర. ఖాళీ.
ఏసోబుకి ఫోను చేశాను.
ఏదో అన్నాడు, వినపడలేదు.
"గట్టిగా చెప్పండి" అన్నాను.
చెప్పలేదు.
చెయ్యి చాపి ఫోను చూరు కింద పట్టాడు.
చాలాసేపు విన్నాను.

తర్వాత ఆ గడిలో, పెన్సిలుతో,
అంకె వేయాల్సిన చోట
వాన అని రాసి
మస్తాన్‌బీ నంబరు వెతుకుతున్నాను.